సాయమా, బాకీయా?



ఒక ఫ్యాక్టరీ మూతబడి కార్మికులు వీధిన పడితే ప్రభుత్వం వారికి డబ్బు ఇవ్వాలా? ఇస్తే దానిని ఏమని పిలవాలి? పేరులో ఏముంది అనుకోకండి. దానమైతే అది ఇచ్చేవాని ఇష్టం. బాకీ అయితే అది పుచ్చుకునేవాని హక్కు.

బోధన్ శక్కర్‌నగర్ సంగతి మీకు తెలియనిది కాదు. నిజాం కాలంలో, 1937లో వెలసిన చక్కెర ఫ్యాక్టరీ అది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. నిజాంసాగర్ నీటితో పండిన చెరకు అక్కడికే చేరేది. 2002లో ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. మళ్లీ తెరిపించే విషయమై 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీని వేసింది.

ఈ నష్టానికి బాధ్యులెవరు? 1994లో చక్కెర కొరత వచ్చినప్పుడు కేంద్రం సుంకం లేకుండా విదేశీ చక్కెరను రానిచ్చింది. అయితే ఆ దిగుమతులే శక్కర్‌నగర్‌ను ముంచాయనడం సత్యం కాదు. చెరకు కొరత, నష్టాలు, యాజమాన్యం మార్పు, ప్రభుత్వ విధానాలు అన్నీ కలిసి పడిన చిక్కుముడి అది. ఏ పోగు ఎక్కడిదో విడదీయడం ఎవరి తరం?

అమెరికాలో అలా విడదీయాలని చూశారు. విదేశీ సరుకు పోటీ వల్లనే పని పోయిందని తేలిన కార్మికునికి కొత్త పనిలో శిక్షణ, ఆ కాలానికి భృతి ఇచ్చే పథకాన్ని 1962లో చట్టం చేశారు. కొత్త యంత్రం వచ్చి పని పోగొట్టుకున్న పొరుగువానికి ఆ పథకం వర్తించదు. ఇద్దరి ఇండ్లలోనూ పొయ్యి ఒకేలా ఆరింది గదా! 2022 జూలై 1 నుండి కొత్త దరఖాస్తుల పరిశీలన కూడా ఆగిపోయింది.

కాబట్టి కారణాన్ని బట్టి గాక మరొక విధంగా ఆలోచించాలి. దిగుమతి వల్ల చక్కెర ధర తగ్గితే మనమందరం కిలోకు కొంత మిగుల్చుకుంటాము. ఖజానాకు భారమని ప్రభుత్వం ఫ్యాక్టరీని వదులుకుంటే ఆ మిగులూ మనందరి పేరనే జమ అవుతుంది. లాభం కోట్లమందికి తలా కొంచెం; నష్టం మాత్రం కొన్ని వందల ఇండ్లకు జీవితమంతా. అందరి మేలు కోసం తీసుకున్న నిర్ణయానికి కొందరే మూల్యం చెల్లిస్తే, మేలు పొందినవారు వారికి బాకీ పడినట్లే. పునీత రెండవ జాన్‌పాల్ పోపుగారు 1981 నాటి 'లబోరెం ఎగ్జర్సెన్స్' అనే విశ్వలేఖలో పరోక్ష యజమాని అనే మాట వాడారు. కూలి ఇచ్చేవాడే కాక, పని పరిస్థితులను నిర్ణయించే విధానాలు, వాటిని చేసే ప్రభుత్వాలు కూడా బాధ్యత వహించాలని దాని భావం.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. మన జిల్లాలో బీడీలు చుట్టే తల్లులకు ఏనాడూ ఫ్యాక్టరీ జీతం లేదు, క్వార్టరు లేదు. వారు కొనే సబ్బుబిళ్ల మీద పన్నుతో, వారికంటే మెరుగ్గా బ్రతికిన ఉద్యోగికి పరిహారమా? ఈ ప్రశ్నను తోసివేయకూడదు. కాని బీడీ కార్మికురాలికి మనం ఇవ్వవలసినది ఇవ్వకపోవడం, ఫ్యాక్టరీ కార్మికుని బాకీ ఎగవేయడానికి సాకు కాదు. ఒక అన్యాయాన్ని చూపి మరొక అన్యాయాన్ని సమర్థించలేము. ఆ సొమ్ము ఎవరి వద్ద వసూలు చేయాలన్నది వేరే ప్రశ్న. ఎక్కువ లాభపడినవారి వద్దనే ఎక్కువ తీసుకోవాలి.

బాకీ ఎలా తీర్చాలన్నది కూడా ముఖ్యమే. 1992లో కేంద్రం ఇలాంటి కార్మికుల కోసమే జాతీయ పునరుద్ధరణ నిధిని ఏర్పరచింది. అందులో అధిక భాగం స్వచ్ఛంద పదవీ విరమణ చెల్లింపులకే పోయింది. కొత్త పని నేర్పడానికి దక్కినది స్వల్పం. 2000లో ఆ నిధినే ఎత్తివేశారు. చేతికొచ్చిన మొత్తం కూతురి పెండ్లికో, పాత అప్పుకో, గల్ఫ్ వీసాకో సరిపోతే, ఆ తరువాత? 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి, తొలగించిన కార్మికునికి నైపుణ్య శిక్షణ కోసం పదిహేను రోజుల వేతనం ఇవ్వాలంటుంది. యాభై ఏళ్ల మనిషి పదిహేను రోజుల కూలితో కొత్త విద్య నేర్వగలడా?

అదైనా రిజిస్టరులో పేరున్నవారికే. చెరకు నరికిన కూలీలు, బండ్లు తోలినవారు, గేటు ముందు చాయ్ అమ్మినవారు ఏ రిజిస్టరులోనూ లేరు.

పునీత మత్తయి సువిశేషము 20వ అధ్యాయంలో, ఎవరూ పిలవక సాయంత్రం దాకా అంగడి వీధిలో నిలిచిన కూలీలను యజమాని సోమరులని తరిమివేయలేదు. ఆలస్యంగా వచ్చినా పూర్తి దినకూలి ఇచ్చాడు. ఆ రోజు వారి ఇండ్లలో ఎంత అవసరమో అంతా ఇచ్చాడు.

మీ విచారణలోనూ పని పోయిన కుటుంబం ఉండవచ్చును. పూజ ముగిశాక వారిని పలకరించండి. రావలసిన గ్రాట్యుటీ, భవిష్యనిధి అందిందా అని అడగండి. అర్జీ వ్రాయడం రాకపోతే వ్రాసి పెట్టండి, ఆఫీసుకు తోడు వెళ్లండి. బియ్యమిచ్చి పంపడం మంచిదే. కాని వారికి రావలసినది వారికి ఇప్పించిన తరువాతనే మన దానధర్మాల లెక్క మొదలవుతుంది.