నిద్రకు అందని విశ్రాంతి

దేహధారికి నిద్ర భగవంతుడు ప్రసాదించిన వరం. అతిగా నిద్రించేవానికీ, బొత్తిగా నిద్ర మానినవానికీ కూడ యోగం సిద్ధించదని శ్రీకృష్ణపరమాత్మ గీత ఆరవ అధ్యాయంలో హెచ్చరించి, నిద్రలోను మెలకువలోను మితాన్నే విధించాడు. అయినా ఒక సందేహం మిగులుతున్నది. రాత్రి చాలినంత నిద్రించినవాడు సైతం ఉదయం బడలికతోనే లేస్తున్నాడే, కారణమేమి? నిద్ర తీర్చలేని అలసట మరొకటి ఉన్నదన్నమాట.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువుకు ఒక పక్షిని దృష్టాంతంగా చూపాడు. దారంతో కట్టబడిన పక్షి దిక్కులన్నిటికీ ఎగిరి, ఎక్కడా ఆశ్రయం దొరకక, చివరకు కట్టినచోటికే వచ్చి వాలుతుంది. జీవుడూ అట్లే తిరిగి తిరిగి, గాఢనిద్రలో సద్వస్తువును చేరుకొంటాడు. అదే ఉపనిషత్తు మరొకచోట, పాతిపెట్టిన బంగారు నిధిపై నిత్యం నడుస్తూ దానిని ఎరుగనివారితో మనలను పోల్చినది. ప్రతిదినం పరమాత్మను చేరుతున్నాం, చేరినట్లు ఎరుగం. తలమీది మూట దించకుండానే కునుకు తీసిన కూలివానివలె, చింతలమూటతోనే మేల్కొంటున్నాం. ఎరుకతో కూడిన విశ్రాంతి కావాలి.

మన పెద్దలు అందుకు కొన్ని ఏర్పాట్లు చేశారు. మా పాఠశాలలో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పర్వదినాలు అనధ్యయనాలు. ఆనాడు కొత్త పాఠం లేదు. బాల్యంలో అది ఆటవిడుపు అని సంతోషించేవాళ్లం. శోకంతో కృశించిన సీతమ్మను పాడ్యమినాడు చదివేవాని విద్యతో హనుమంతుడు పోల్చిన సుందరకాండ ఘట్టం చదివిన తరువాతగాని, విరామమెరుగని విద్య చిక్కిపోతుందని బోధపడలేదు. బుద్ధికి అనధ్యయనం, నాలుకకు మౌనం, ఉదరానికి ఉపవాసం. మూడూ విశ్రాంతులే.

ఇక్కడ నా పొరపాటొకటి మనవి చేస్తాను. ఏకాదశీవ్రతం తప్పని వాడనని నాకు లోలోపల గర్వం ఉండేది. అన్నం ముట్టను గనుక మా ఇంట ఆనాడు గోధుమరవ్వ ఉప్మా, రొట్టెలు, పాలు, పండ్లు సిద్ధమయ్యేవి. మరునాటి ద్వాదశి పారణకు అవిసాకు, ఉసిరికాయ సమకూర్చడానికి ఇల్లాలు తెల్లవారుజామునే లేచేది. ఒక ఏకాదశి సాయంకాలం నేను సహస్రనామ పారాయణం చేస్తుండగా ఆమె గోడకు చేరగిలి నిద్రపోయింది. భగవన్నామం వింటూ నిద్రయా అని కసిరాను. ఆమె కోపగించలేదు. “మీది ఉపవాసమండీ, నాది పొయ్యి దగ్గర వాసం” అన్నది. ఉపవాసమంటే భగవంతునికి దగ్గరగా వసించడమని ఎందరికో చెప్పినవాడిని, ఆ మాటకు బదులు చెప్పలేకపోయాను. నేను విశ్రాంతి అనుకొన్నది ఆమె నెత్తిన పెట్టిన బరువు. మరుసటి ఏకాదశి నుండి మా ఇంట పొయ్యి వెలగలేదు, పండ్లతోనే సరిపెట్టుకొన్నాం. ఆనాడు ఇద్దరం కూర్చుండి పారాయణం చేశాం.

భారాన్ని సాటివారి మీదికి నెట్టడం విశ్రాంతి కాదు. దానిని నిజంగా దించుకొనదగిన చోటు ఒక్కటే. అది శ్రీమన్నారాయణుని పాదమూలం. మన ఆచార్యులు ప్రపత్తిని భరసమర్పణమన్నారు. అట్లయితే కర్తవ్యం మానవచ్చునా అని కొందరడుగుతారు. అర్జునుని చూడండి. మొదట విల్లు దించాడు, శోకం దిగలేదు. శరణాగతుడైన తరువాత శోకం దిగింది, విల్లు చేతికెక్కింది. దించవలసినది పని కాదు. ‘నేనే చేస్తున్నాను, నేను లేకుంటే జరగదు’ అనే అభిమానం.

తిరుమలలో ప్రతిరాత్రి ఏకాంతసేవ జరుగుతుంది. భోగశ్రీనివాసమూర్తిని పాన్పుపై శయనింపజేసి, తాళ్లపాకవారి వంశీయులు జోలపాట పాడుతారు. స్వామిది యోగనిద్ర, లోకాలను కాచే ఎరుక అందులో చెదరదు. ఆయన మెలకువయే మన నిద్రకు అభయం. సంధ్యాదీపం పెట్టిన తరువాత ఇంటిల్లిపాదీ, వంటింటివారితో సహా, పనులు కొద్దిసేపు పక్కనపెట్టి కూర్చుండి, ఆనాటి చింతలను ఒక్కొక్కటిగా స్వామికి విన్నవించి, ఆయన నామం స్మరించండి. అటుపిమ్మట వచ్చే నిద్ర కూడ సేవయే అవుతుంది.

శ్రీనివాసుడు మన గృహాలలో ఎవ్వరికీ ఈ విశ్రాంతి కొరవడకుండ అనుగ్రహించుగాక!