నిర్జన మార్గము

గత వేసవిలో మా మేనల్లుడు హిమాలయములలో ఆరుదినములు కాలినడకను సంచరింప సంకల్పించి, ఒక సాయంకాలము పటమును మా యింటి సావడిలో పరచుకొని కూర్చుండెను. గుడారము, కంబళి, వంటగిన్నె, బియ్యము అన్నియు మూపుమీది సంచిలో తానే మోసికొని పోవలెననియు, దారిలో మరియొక యాత్రికుడు కంటబడరాదనియు అతని కోరిక. ‘మామయ్యా, జనము తిరుగని బాట యేదైన నుండిన చెప్పుము’ అని మమ్మడిగెను. మేము సమాధానము వెదకుచుండగా, వంటయింటి గడపమీద నిలిచియున్న అతని తల్లి, ‘నాయనా, జనము తిరుగని చోట నీ కాలు బెణికినచో ఎవరిని పిలిచెదవు?’ అనెను. అతడు నవ్వెను. మేము నవ్వలేకపోతిమి. ఏకాంతమును కోరుటకు మనకెంతవరకు హక్కు కలదు, ఆ యేకాంతమునకు వెల యెవరు చెల్లింతురు అను విచారము మాకు నాడే కలిగినది.

మన పూర్వులకు ఈ కోరిక వింతగా తోచియుండును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము విడిచి కాశీయాత్రకు బయలుదేరి, మరుసటి యేట తిరిగి యిల్లు చేరువరకును పెద్ద పరివారముతోనే సాగిరి. ఆ కాలమున తోడులేని బాట యనగా భయము. నేడు అదియే భాగ్యముగా నెంచబడుచున్నది. ఈ మార్పునకు యువకులను పరిహసించుట న్యాయము కాదు. పగలెల్ల మోటారుకూతలలోను, రాత్రియెల్ల సెల్‌ఫోను పిలుపులలోను మెలగువానికి నిశ్శబ్దము కేవలము విలాసము కాదు; ఆకలిగొన్నవానికి అన్నమువంటిది. కొండమీద తన బరువు తాను మోసికొని నాలుగుదినములు నడచినవాడు, జీవించుటకు నిజముగా అవసరమైన వస్తువు లెంత కొద్దియో భుజముతో నేర్చుకొనును. ఇట్టి విద్య పుస్తకములలో దొరకదు. కావున కోరిక మంచిదే. అది తీరు విధమును గూర్చియే మా సందేహము.

గఢవాలు కొండలలో అడవుల కెగువను బుగ్యాలులని పేరుగల పచ్చికబయళ్లు కలవు. ఏటిలో చాల నెలలు మంచుక్రింద నణగియుండి, కొలదికాలము మాత్రమే పచ్చబడు ఆ నేల మిక్కిలి సుకుమారము. గుడారపు మేకులును, కంచరగాడిదల గిట్టలును చీల్చిన పచ్చిక మరల అతుకుకొనుటకు ఏండ్లు పట్టును. రూపకుండమునకు పోవు త్రోవలోని ఆలీ, బేద్నీ బుగ్యాలులకు జనము వెల్లువగా పోవుటవలన, 2018 ఆగస్టులో ఉత్తరాఖండ ఉన్నత న్యాయస్థానము బుగ్యాలులలో రాత్రిబసను నిషేధించి, దినమునకు 200 మందికి మించి పోగూడదని కట్టడి చేసెను. ఆ వెల్లువలో కలిసిన ప్రతివాడును తాను ప్రశాంతిని వెదకుకొనుచు వచ్చితిననియే తలచియుండును గదా! జనసమ్మర్దమని మనము విసుగుకొను దానిలో మనమును ఒకరమని యెవ్వరికిని తోచదు.

అట్లయిన ఆ బయలును విడిచి, పేరెరుగని వేరొక బయలునకు పోవుదుమందురా? ఒక చెలమను కలచి, తేటనీటికై ప్రక్క చెలమకు పోవువాని తీరు ఇట్టిదే. మన వెనుక పదుగురు వత్తురు. పదుగురి వెనుక నూర్గురు. పోనీ, బాటను రహస్యముగా దాచుకొందమన్నచో, కొండ తెలిసినవారికిని తీరికగలవారికిని సొంత ఆస్తియై పోవును. దాచుటవలన లోభమును, చాటుటవలన వినాశమును కలుగునపుడు, తప్పు ప్రశ్నలోనే యున్నదని గ్రహింపవలెను. ‘అచ్చట ఇతరులెందరు లేరు?’ అని మనమడుగుచున్నాము. ‘మేము పోవుటవలన అచ్చట ఏమి మారును?’ అని యడుగవలసియున్నది.

ఇంతకును నిర్జనమనునది పటములోనే కాని నేలమీద కానరాదు. మన కంటికి శూన్యముగా కనబడు లోయ యొకరికి గొఱ్ఱెల దారి. నామము లేని వాలు మరియొకరికి వంటచెఱకు తెచ్చుకొను చోటు. 1974లో చమోలీ జిల్లాయందలి రేణీ గ్రామమున గౌరాదేవియు తోడి స్త్రీలును చెట్లు నరకవచ్చినవారికి అడ్డునిలిచి అడవిని కాపాడుకొనిరి. పట్టణవాసికి ఆ అడవి యొక చక్కని దృశ్యమైయుండును. ఆ స్త్రీలకు అది పొయ్యి, పశువుల మేత, నీటియూట. మనము మెచ్చుకొను నిశ్శబ్దము వారి కాపుదలచేత నిలిచినది. అట్టిచోట వారే లేనట్లు నడచుట కృతఘ్నత.

ఇక మా చెల్లెలి ప్రశ్నకు వత్తము. 2024 జూనులో ఉత్తరకాశి జిల్లాయందలి సహస్రతాలు త్రోవలో 22 మంది గల బృందము మంచుగాలివానలో చిక్కుకొనగా, అందులో తొమ్మిదిమంది కర్ణాటకవాసులు మరణించిరి. మిగిలినవారిని దింపుటకు వాయుసేన హెలికాప్టర్లును, విపత్తు సహాయదళమువారును పోవలసివచ్చెను. మృతులను నిందించుట మా యుద్దేశము కాదు; అట్టి గాలివాన ఎంతటి జాగరూకునికైనను ఎదురుకావచ్చును. కాని 22 మంది గల సమూహమునకే ఆ గతి పట్టినపుడు, ఒంటరిగా పోవువాడు ఎంత ఆలోచింపవలెను! అతడు ఆపదలో పడినచో, అతని ఏకాంతముకొరకు ఎవరో ఒక సైనికుడో, ఒక గ్రామస్థుడో ప్రాణమునకు తెగించి రావలెను. ‘నా ప్రాణము నా యిష్టము’ అను మాట కొండమీద చెల్లదు.

జాగ్రత్త అనునది పిరికితనము కాదు, ఆ అజ్ఞాత రక్షకునియెడ మర్యాద. సముద్రమట్టమునకు 3,000 మీటర్ల యెత్తు దాటిన పిమ్మట, నిద్రించు చోటును దినమునకు 500 మీటర్లకు మించి పెంచగూడదనియు, మూడునాలుగు దినముల కొకమారు విశ్రమింపవలెననియు వైద్యులు చెప్పుదురు. తలనొప్పియు వాంతియు తోచినపుడు పైకి పోరాదు. అవి ముదిరినచో వెంటనే దిగవలెను. కావున దిగుటకు సులభమైన దారిలేని బాటను, అది యెంత ప్రశాంతమైనను, క్రొత్తవాడు కోరరాదు.

ఇట్లు తర్కించుకొనగా మాకు దొరికిన త్రోవ యిది. నందాదేవి మొదలగు శిఖరములు కనబడు క్వారీ కనుమకు నేడు పెక్కుమంది జోషీమఠము వైపునుండి ఎక్కుదురు. ఆ కనుమకే ఘాట్ వైపునుండి రామ్ణీ, ఝీంఝీ, పాణా గ్రామములమీదుగా, కర్జను ప్రభువు పేరిట పిలువబడు పాతబాట యొకటి కలదు. అది దీర్ఘము, ఒక లోయలోనికి దిగి మరల మరియొక గట్టు నెక్కవలెను. అందుచేత దానిని త్రొక్కువారు తక్కువ. అయినను అది శూన్యము కాదు. ఊరినుండి ఊరికి పోవు బాట. రాత్రిబసకు పచ్చికబయలు నాశ్రయింపనక్కరలేక, చాలదినములు ఊరిచేరువనే నిలువవచ్చును. ఇచ్చు పైకము ఆ యింటివారికే చేరును. నిశ్శబ్దమును నిర్జనత్వమును ఒకటి కావని ఈ బాట మాకు నేర్పినది.

మా మేనల్లుడు మొదట మొగము చిట్లించెను. ‘ఊళ్లున్నచో ఏకాంత మెక్కడిది?’ అనెను. ‘పలుకరించువాడుండుట వేరు, తరుముకొనివచ్చువాడుండుట వేరు’ అని మేము చెప్పితిమి. తుదకతడు వానలు వెడలిన అక్టోబరులో, ఇద్దరు మిత్రులతోను, ఆ లోయవాడే యైన యొక మార్గదర్శితోను పోవ నొప్పుకొనెను. ఆ మార్గదర్శికి తమవంటి కంబళియు, తమతోడి భోజనమును ఉండవలెననియు, కట్టెలు కాల్చక గ్యాసుపొయ్యి వాడవలెననియు, పోగైన చెత్తనంతయు తిరిగి సంచిలోనే తేవలెననియు నిశ్చయించుకొనిరి.

బయలుదేరునాడు అతడు ఏ రాత్రి యెక్కడ బసయో ఒక కాగితముమీద వ్రాసి వంటయింటి తలుపునకు అంటించెను. మా చెల్లెలికి హిందీ రాదు; ఆ కొండలను ఆమె చూడలేదు. అయినను ఆ ఊళ్లపేరు లామెకు నోటికి వచ్చినవి. పొయ్యి ఆర్పునపుడు, ‘నేడు పాణా చేరియుందురు’ అని తనలో తాననుకొనుచుండెను. ఆరుదినములకు అతడు క్షేమముగా మరలివచ్చి, ‘మామయ్యా, దారిపొడవున యాత్రికులు పదిమంది యైనను కనబడలేదు’ అని సంతసముతో చెప్పెను. ఆ కాగితమింకను తలుపుననే యున్నది. ఏకాంతము కోరి పోవువారందరును బయలుదేరుటకు ముందు ఇంటివారికి ఇట్టి కాగిత మొకటి వ్రాసియిత్తురు గాక!