ముందు నడచువాని ధర్మము

మనుష్యుడు ఒంటరిగా నడువగల దూరము స్వల్పము. బిడ్డ తల్లిని, విద్యార్థి అధ్యాపకుని, సాధకుడు గురువును, ప్రజలు పాలకుని అనుసరించియే ముందునకు సాగుదురు. ఒకరిని నమ్మి వెంబడించునపుడు మన వివేకమును ఎంతవరకు వారికి అప్పగింపవచ్చును? మనలను నమ్మి వచ్చువారి యెడల మన బాధ్యత యెట్టిది? ఈ రెండు ప్రశ్నలును విడదీయరానివి. విమానములు వ్యూహముగా ఎగురు విధానమును పరిశీలించినచో ఈ సంగతి స్పష్టపడును.

1996లో బీదరున స్థాపితమైన భారత వాయుసేన సూర్యకిరణ్ దళము తొమ్మిది విమానములతో ఈ విద్యను ప్రదర్శించుచున్నది. హైదరాబాదు చేరువనున్న దుండిగల్ వాయుసేనా అకాడమీలో పట్టభద్రుల కవాతు జరుగునపుడు ఈ దళపు విన్యాసములను తిలకించిన తెలుగువారు అనేకులు. కొద్ది మీటర్ల ఎడముతో విమానములన్నియు ఒక్క పక్షివలె ఒరగుట చూపరులకు సాహసముగా దోచును. దాని లోపలనున్నది సాహసము కాదు, నియమము. ప్రక్కన ఎగురు చాలకుడు నేలవైపు చూడడు, దారి వెదకడు. నాయక విమానముపైననే దృష్టి నిలిపి తన స్థానమును క్షణక్షణము సరిచేసికొనుచుండును. స్వంత వినోదమునకై చిన్న విమానములలో జతగా ఎగురువారికిని ఇదియే పద్ధతి.

ఇట్టి అనుసరణము గ్రుడ్డితనము కాదా యని సందేహము కలుగవచ్చును. 1982 జనవరి 18న అమెరికాలోని నెవాడా ఎడారిలో ఆ దేశపు వాయుసేనకు చెందిన నాలుగు విమానములు ప్రక్కప్రక్కన వరుసదీరి ఆకాశమున వలయము చుట్టుచుండెను. నాయక విమానపు నియంత్రణ యంత్రము బిగిసికొనిపోవుటచే అది పైకి లేవలేకపోయెనని విచారణలో తేలినది. మిగిలిన మూడును దానితోపాటు నేలను తాకెను. నలుగురును మరణించిరి. ఆ మువ్వురును తమ ధర్మమును తప్పలేదు. నాయకునిపై దృష్టి నిలిపియే యుండిరి.

వేగముగా దిగుచున్న ఆ క్షణమున వివేచనకు వ్యవధి లేదు. కావున వివేకము పని అంతకు ముందే జరుగవలెను. చాలకులు ముందుగా మాటలాడుకొని సమ్మతింపనిదే వ్యూహముగా ఎగురరాదని నియమము కలదు. నాయకుడు కనుమరుగైనచో అనుచరుడు తడవు చేయక వ్యూహమునుండి తొలగవలెనని మరియొక కట్టుబాటు. ఎవరిని నమ్మవలెనో, ఎప్పుడు తొలగవలెనో నేలమీదనే నిశ్చయించుకొన్నవాడే ఆకాశమున నిశ్చింతగా శరణు పొందగలడు.

అధ్యాత్మ మార్గమునందును ఇంతియే. నరేంద్రుడు శ్రీరామకృష్ణుల ధననిస్పృహను పరీక్షింపగోరి వారి పరుపు క్రింద రూపాయి నాణెమునుంచెను. ఆ పరీక్షకు పరమహంస కోపింపలేదు. శిష్యుడు గురువును పరీక్షించియే స్వీకరింపవలెనని వారి అభిప్రాయము. అట్లు పరీక్షించిన పిదపనే నరేంద్రుని సమర్పణము సంపూర్ణమయ్యెను.

అయినను ఈ భారములో అధికభాగము నాయకునిదే. అతడు తన విమానపు పూర్తి శక్తిని వినియోగింపడు. తాను సంపూర్ణ వేగము నందుకొన్నచో వెనుకబడినవాడు మరల చేరుకొనుటకు శక్తి మిగులదు. మలుపులు మెల్లగా త్రిప్పును. వెనుకవారు చూడని నేలను వారందరి తరఫున తానే చూచును. ఒంటరిగా చేయదగిన ఎన్నో విన్యాసములను వారికొరకు విడనాడును. నాయకత్వమనగా ఈ త్యాగమే.

ఏటేట జనవరి 26న ఢిల్లీ ఆకాశమున విమానవ్యూహములు సాగుట దేశమంతయు చూచును. అదే నగరపు ఉత్తరభాగమున ముఖర్జీ నగర్ కలదు. సివిల్ సర్వీసు పరీక్షకు సిద్ధపడు యువజనులు పలు రాష్ట్రములనుండి వచ్చి అచట ఇరుకు గదులలో ఏండ్లకొలది చదువుచుందురు. 2023 జూన్ 15న అచటి యొక శిక్షణ కేంద్రమున్న భవనమునకు నిప్పంటుకొనగా, విద్యార్థులు కిటికీలనుండి తీగలు పట్టుకొని దిగవలసి వచ్చెను. అనేకులు గాయపడిరి, ప్రాణములు దక్కుట భాగ్యము. చదువరి కన్ను పుస్తకముపై నుండును. నిప్పు చెలరేగిన వేళ బయటపడు దారి యున్నదా యని చూడవలసినది అతనిని అచట చేర్చినవారు. ప్రక్క చాలకుడు చూడని నేలను నాయకుడు చూడవలసినట్లే, నమ్మి వచ్చినవారు చూడని దానిని పిలిచినవారు చూడవలెను.

ఆ గదులలో చదువుచున్న కొందరు రేపు జిల్లాలకు అధికారులగుదురు. లక్షలాది ప్రజలు వారి సంతకమును నమ్మి సాగుదురు. ర్యాంకు ఎంత అను చింత నేడు సహజమే. దానితోపాటు మరియొక విచారణయు అవసరము: తన సామర్థ్యమునంతయు తన ఉన్నతికే వెచ్చింపక, వెనుక వచ్చు దుర్బలునికొరకు కొంత నిలుపుకొనుటకు తాను సిద్ధముగా నున్నాడా? ఈ ప్రశ్న వారికి మాత్రమే కాదు. ఇంటికి పెద్దయైనవాడు, బడిలో పాఠము చెప్పువాడు, నలుగురికి దారిచూపు ప్రతివాడును దినదినము తన్ను తాను ఇట్లే ప్రశ్నించుకొనవలెను. దైవమును నాయకునిగా వరించి దృష్టిని అచట నిలిపినవానికి అహంకారపు వేగము తనంతట తగ్గును. అట్టివాని వెంట నడచుట క్షేమము.