మానవజన్మ సాఫల్యము

ఎనుబదినాలుగు లక్షల జీవరాసులలో మానవజన్మము దుర్లభమని పెద్దలు చెప్పుదురు. పురాణశ్రవణము చేయు గృహస్థులలో ఈ మాట వినని వారుండరు. అయితే దుర్లభమైనంత మాత్రముననే ఏ వస్తువును సార్థకము కానేరదు. లభించినదానిని దేనికి వినియోగింపవలెనో తెలిసినప్పుడే దానికి సార్థక్యము. ఏది యున్నచో ఈ జీవితము జీవింపదగినదగును? ఏది లేనిచో ఊపిరి యాడుచున్నను వ్యర్థమగును? ఇది పండితగోష్ఠికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. మంచము పట్టిన వృద్ధమాత "స్వామి నన్నింకను ఎందుకు ఉంచినాడో" యని నిట్టూర్చినప్పుడు ఆమె అడుగుచున్నదియు ఈ ప్రశ్ననే.

లోకము జీవితమును సాధారణముగా ఆయువుచేతను, సంపదచేతను, కీర్తిచేతను కొలుచుచుండును. వీనిలో సంపద దేహముతో కూడ రాదు. కీర్తి ఇతరుల నాలుకపై నుండునది గాని మనయందుండునది కాదు. ఈ రెండింటి సంగతి అందరెరిగినదే. ఆయువు విషయమున మాత్రము భ్రాంతి అంత సులభముగా తొలగదు. నూరేండ్లు బ్రదికినవాడు ధన్యుడని అనుకొనుట మనకు అలవాటు. భాగవత ద్వితీయస్కంధమున శౌనకమహర్షి ఆయువునకు చెట్టును, ఊపిరికి కొలిమితిత్తిని ఉపమానములుగా చూపి, ఈ రెండును గలిగియుండుట మాత్రమే జీవితము కాదని నిరూపించెను.

ఆ స్కంధముననే శుకయోగి పరీక్షిన్మహారాజునకు ఖట్వాంగుని వృత్తాంతమును జ్ఞప్తికి తెచ్చినాడు. సూర్యవంశజుడైన ఖట్వాంగుడు దేవతలకు సహాయముగా పోయి అసురులను జయించెను. తరువాత తన ఆయువెంత మిగిలియున్నదని అడుగగా, ఒక్క ముహూర్తమని తెలిసినది. అనగా రెండు ఘడియలు. నేటి లెక్కలో 48 నిమిషములు. ఆ మహారాజు విలపింపలేదు, మరికొంత ఆయువు నిమ్మని దేవతలను యాచింపలేదు. భూలోకమునకు వచ్చి, సర్వమును విడిచి, చిత్తమును నారాయణునియందు నిలిపి తరించెను. పరీక్షిత్తునకు ఏడుదినములు గలవు. రెండు ఘడియలు చాలినచోట ఏడుదినములు చాలవా యని శుకుని భావము.

అయిన రెండు ఘడియలే చాలునన్నచో, ఆ రెండు ఘడియలు వచ్చువరకు ఇష్టము వచ్చినట్లు ప్రవర్తింపవచ్చునా యని కొందరు శంకింతురు. ఈ శంకకు సమాధానము ఖట్వాంగుని చరిత్రయందే గలదు. తన మనస్సు అధర్మమునందు ఎన్నడును రమింపలేదని ఆతడు చెప్పుకొన్నట్లు నవమస్కంధము తెలుపుచున్నది. దున్ని యుంచిన పొలముపై కురిసిన వాన ఒక్క జల్లైనను పైరునిచ్చును. బండపై ఎంత కురిసినను పారిపోవును. ఆ ముహూర్తమునకు ఫలము నిచ్చినది అంతకుముందు గడచిన జీవితమే.

ఇక రెండవ శంక. మోక్షమే పరమప్రయోజనమైనచో ఈ లోకమున జీవించుట కేవలము నిరీక్షణ మగునా? దేహమెంత త్వరగా పడిపోయిన అంత మేలా? శాస్త్రము అట్లు చెప్పలేదు. కర్మల నాచరించుచునే నూరేండ్లు జీవింపగోరవలెనని ఈశావాస్యోపనిషత్తు రెండవ మంత్రముననే విధించినది. జీవితమును ద్వేషింపరాదు, దానిని పట్టుకొని వ్రేలాడనురాదు. ఈ రెండింటికి నడుమనున్న మార్గమెట్టిదో తిరుమలకొండపైననే ఒక మహనీయుడు ఆచరించి చూపినాడు.

ఆయన అనంతాళ్వారు. శ్రీరంగమున భగవద్రామానుజులు శిష్యులకు తిరువాయ్‌మొళి అర్థమును ఉపదేశించుచు, తిరువేంగడముపై పుష్పకైంకర్యము చేయుటకు ఎవరు పోగలరని అడిగిరి. నాడు ఆ కొండ చలికిని, అడవికిని నెలవు. సభ యంతయు మౌనము వహింపగా అనంతాళ్వారొక్కడే లేచెను. కొండపై పూదోట వేసి, దానికి నీటికొరకు భార్యతో కలిసి తానే చెరువు త్రవ్వెను. ఆ త్రవ్వకమున వాడిన గడ్డపారను నేటికిని ఆలయ మహాద్వారము చెంత యాత్రికులు దర్శించుచున్నారు.

ఒకనాడు పూలు కోయుచుండగా ఆయనను పాము కరచెను. తోడివారు కలవరపడి విషమును తీయించుకొమ్మనిరి. ఆయన తొందరపడక పూలు కోయుట ముగించి, మాలలను కట్టి స్వామికి సమర్పించెను. కారణ మడుగగా ఆయన ఇచ్చిన సమాధానమును గురుపరంపర భద్రపరచినది. విషమే గెలిచినచో విరజానదిలో మునిగి పరమపదనాథుని సేవింతును. ఈ దేహమే గెలిచినచో కోనేట మునిగి శ్రీనివాసుని సేవింతును అని ఆయన అభిప్రాయము. మందు వద్దని ఈ కథకు తాత్పర్యము కాదు. దేహము స్వామి సొత్తు కావున దానిని కాపాడుకొనుట మనకు విధి; పారవేయుటకు మనకు అధికారము లేదు. ఇందు గ్రహింపవలసిన దేమనగా, ఆ మహనీయునకు జీవితము జీవింపదగినదే, మరణము భయపడదగినది కాదు. రెండు తీరములందును కైంకర్యమే యున్నది. మారునది మునుగు తీర్థము మాత్రమే. జీవుడు శేషుడు, భగవంతుడు శేషి యని సిద్ధాంతమున చెప్పబడినది ఇదియే. ఒకరికి అతిశయము కలిగించుటయే స్వరూపముగా గలది శేషము. తాను ఇంకొకరి సొత్తని తెలిసినవానికి తన విలువను తానే సంపాదించుకొనవలెనను బాధ తొలగిపోవును.

ఇక అన్నిటికంటె కఠినమైన శంక మిగిలినది. అనంతాళ్వారునకు చేతులలో బలము గలదు. చేతులాడనివారి సంగతి యేమి? పక్షవాతముచే పడినవారు, జ్ఞాపకశక్తి నశించి కన్నబిడ్డలనే గుర్తింపలేనివారు ఏ కైంకర్యము చేయగలరు? కైంకర్యమే సార్థక్యమైనచో వారి బ్రదుకు వ్యర్థమేనా?

ఈ చోట మొదట జటాయువును స్మరింపవలెను. ఆ వృద్ధపక్షి సీతాదేవిని రక్షింప బూనెను గాని రక్షింపలేకపోయెను. లోకదృష్టికి కార్యము విఫలము. అయినను శ్రీరాముడు తండ్రికివలె ఆ పక్షికి అంత్యక్రియలు జరిపి ఉత్తమగతి నొసగెను. భగవంతుడు చూచునది పనియొక్క ఫలమును కాదు. దానిని బూనిన హృదయమును.

హృదయము కూడ మఱుగుపడినవారికి వరాహస్వామి అభయమే శరణ్యము. భూదేవి ప్రార్థింపగా వరాహమూర్తి చేసిన ప్రతిజ్ఞను మన సంప్రదాయమున చరమశ్లోకముగా అనుసంధించుచున్నాము. మనస్సును దేహమును స్వస్థముగా నున్నప్పుడు తన్ను తలచినవాడు అంత్యకాలమున స్మృతి తప్పి కదలకపడియున్నను, అప్పుడు ఆతనిని తానే తలచి పరమగతికి చేర్చుదునని దాని భావము. తలచుట అను పని భక్తుని చేతినుండి జారిపోయినప్పుడు భగవంతుడే దానిని తన చేతిలోనికి తీసికొనుచున్నాడు. ఇట్టి అభయ మిచ్చిన స్వామి పుష్కరిణీతీరమున వెలసియుండగా, ఆయనను ముందు సేవించి పిమ్మట శ్రీనివాసుని దర్శించుట తిరుమల యాత్రాక్రమము.

కావున ఆ వృద్ధమాతకు చెప్పవలసినది ఇదియే. ఆమె ఇంతకాలము పెట్టిన దీపములు ఆరిపోలేదు. ఆమె మరచినను స్వామి మరువడు. మఱియొక సంగతియు గలదు. ఆమె చేయు కైంకర్యము ముగిసినచోట ఆ యింటివారి కైంకర్యము ఆరంభమగుచున్నది. సర్వభూతములయందున్న తన్ను ఉపేక్షించి ప్రతిమను మాత్రము అర్చించువాని పూజ బూడిదలో పోసిన హోమద్రవ్యము వంటిదని కపిలభగవానుడు దేవహూతికి బోధించెను. కన్నతల్లి దాహమున కలమటించుచుండగా అలంకరింపబడిన పూజామందిరము స్వామికి ప్రీతికరము కానేరదు. ఆమె నోటిలో పోసిన తులసీతీర్థము, ఆమె పక్క మార్చిన చేయి, విసుగులేని ఒక్క పలుకు, ఇవియు పుష్పమాలలే.

ఆయువు మన వశమున లేదు. దేహబలము మన వశమున నిలువదు. ఉన్నంతవరకు ఈ దేహమును ఎవనిదో వానికే వినియోగించుట, అది ఉడిగినప్పుడు వాని తలపునకు మనలను అప్పగించుట, ఇంతమాత్రము మన వశమున గలదు. మానవజన్మ సాఫల్యమునకు ఇది చాలును.

శ్రీ వేంకటేశ్వరుడు ఎల్లరకును ఇట్టి బుద్ధిని ప్రసాదించుగాక!