దీపకైంకర్యము - కూలివాని చేయి

కార్తీకమాసము దామోదరునకు మిక్కిలి ప్రీతికరమైనది. దీపావళి గడచిన మరునాటినుండి ఆలయములందు ధ్వజస్తంభమునకు ఆకాశదీపము నెత్తుదురు. చిల్లులుగల చిన్న ఇత్తడిపాత్రలో దీపముంచి, త్రాటితో పైకి లాగి, నెలరోజులు ప్రతిసాయంకాలము వెలిగింతురు. గృహస్థులు గుమ్మమునను తులసికోటకడను ప్రమిదలు పెట్టుదురు. ఇటీవలి కాలమున ఆ ప్రమిదలతోబాటు విద్యుద్దీపముల మాలలును ఇంటి చూరుల కెక్కినవి. వాని నమర్చుటకు నిచ్చెన యెక్కవలెను, తీగలు కలుపవలెను. అది అందరికిని చేతనగు పని గాదు. కావున కూలికి మనిషిని పిలుచుచున్నాము. ఇచట నొక ధర్మసందేహము పుట్టుచున్నది. మన యింటి దీపమును మరియొకడు కూలికి కట్టినచో ఆ కైంకర్యము ఎవరిది? దాని ఫలము ఎవరిది?

ఈ ప్రశ్న నాకు గ్రంథపఠనమున కలిగినది గాదు. 1986వ సంవత్సరపు కార్తీకమున నేను ఉద్యోగరీత్యా అరకులోయలో నుంటిని. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోనున్న ఆ ప్రదేశము అప్పుడు విశాఖపట్నము జిల్లాలోనిది. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నుండుటచే అచట కార్తీకమునకే చలి ముదురును. ఇంటికప్పులు మంచుకు తడిసి జారుచుండును. పౌర్ణమినాడు ఇంటిని దీపములతో అలంకరింపవలెనని మా తల్లిగారు కోరిరి. సంతలో కనిపించిన యొక గిరిజన యువకుని పిలిచితిని. అతడు 20 రూపాయలు అడిగెను. నేను బేరమాడి 15 రూపాయలకు ఒప్పించితిని. అతడు మారుమాటాడక, తడిసిన పెంకులపై నడచి, రెండుగంటలు శ్రమించి, చూరు పొడవునను దీపముల మాల కట్టెను. సంధ్యవేళ స్విచ్చి వేయగా ఇల్లంతయు వెలిగెను. ఇరుగుపొరుగువారు నన్ను మెచ్చుకొనిరి. అతడు ఒక ప్రక్కన నిలిచి చూచుచుండెను.

మా తల్లిగారు అతనికి ప్రసాదము పెట్టుచు, "మీ గూడెంలో కూడా దీపాలు పెట్టుకున్నారా నాయనా?" అని అడిగిరి.

"మాకింకా కరెంటు రాలేదమ్మా. కిరసనాయిలు బుడ్డి ఉంది" అని అతడు బదులు చెప్పెను.

పిమ్మట నా 15 రూపాయలు తీసికొని చీకటిలో కొండదారి పట్టెను. ఆ రాత్రి నా యింటి వెలుగు నాకు సుఖము నీయలేదు.

అందుకు కారణము చెప్పెదను. అరకునకు పడమటి కొండలలో, ఒడిశా సరిహద్దున, డుడుమ జలపాతముకడ మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము కలదు. 1955లో ప్రారంభమైన ఆ కేంద్రమున ఆరు యంత్రములు.  ఆ విద్యుత్తును ఆంధ్ర, ఒడిశా రాష్ట్రములు పంచుకొనుచున్నవి. ఆ నదియే దిగువన సీలేరను పేర ప్రవహించి మరికొన్ని విద్యుత్కేంద్రములను నడపుచున్నది. ఆ జలాశయములకై భూములు విడిచినవారిలో గిరిజనులు అనేకులు. ఆ కొండల నీటినుండి పుట్టిన వెలుగు మైదానపు పట్టణములకు చేరినది. నా యింటికిని చేరినది. దానిని నా చూరునకు కట్టిన చేయియు ఆ కొండబిడ్డదే. అతని యింట మాత్రము బుడ్డిదీపము. ఇక నేను చేసిన కైంకర్యమేమి? ఐదు రూపాయల బేరము!

అట్లని పరులచేత పని చేయించుట దోషమని తలపరాదు. శాస్త్రము దానిని నిషేధింపలేదు. యజ్ఞమున యజమానుడు సంకల్పము చెప్పును. ఋత్విక్కులు హోమము చేయుదురు. ఫలము యజమానునకు చెందును. కాని దాని కొక నియమము కలదు. అన్నదానము లేనిదియు, దక్షిణ లేనిదియు, శ్రద్ధ లేనిదియునైన యజ్ఞము తామసమని భగవానుడు గీతయందు పదునేడవ అధ్యాయమున చెప్పెను. దక్షిణ యనునది యజమానుని దయ గాదు, యజ్ఞమునకు అంగము. దీపము కట్టినవాని కూలియు నట్టిదే. పనిని కొనవచ్చును గాని సంకల్పమును కొనజాలము. కూలిని కోసినచోట ఆ సంకల్పమే కురచయగును.

"అతడు డబ్బు కొరకు చేసినాడు, భక్తితో చేయలేదు, అతనికి పుణ్యమెక్కడిది?" అని కొందరందురు. కార్తీకపురాణమున ఒక ఎలుక కథ కలదు. ఆ మూషికము తిండికొరకు వత్తిని లాగుచుండగా ఆరిన దీపము వెలిగెను. దానికి భక్తి లేదు, సంకల్పము లేదు. అయినను ఆ పుణ్యముచే దానికి జన్మవిముక్తి కలిగెను. ఎలుకకు దక్కిన ఫలము, ప్రాణమునకు వెరవక పైకప్పు నెక్కిన మనిషికి దక్కదని చెప్పుటకు మనమెవరము?

తిరుమలయాత్ర చేసినవారు ఆలయ మహాద్వారముకడ వ్రేలాడు గడ్డపారను చూచియుందురు. భగవద్రామానుజుల ఆజ్ఞచే పుష్పకైంకర్యమునకై కొండకు వచ్చిన అనంతాళ్వారులు పూదోటకొరకు చెరువు త్రవ్వుచుండిరట. గర్భవతియైన భార్య మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి ఆమె తట్ట నందుకొనెను. తన కైంకర్యమున పరులకు భాగమీయ నొల్లని ఆళ్వారులు కోపించి గడ్డపార విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలెను. తరువాత ఆలయమునకు పోయి చూడగా స్వామి గడ్డమునుండి రక్తము కారుచుండెను. నేటికిని స్వామి గడ్డమున పచ్చకర్పూరము నుంచుట ఆ సంఘటనకు గురుతని పెద్దలందురు.

కైంకర్యమును స్వహస్తములతో చేయవలెనను తపనకు ఈ కథను దృష్టాంతముగా చెప్పుదురు. అది సత్యమే. కాని ఇందు మరియొక నీతి కలదు. తట్ట మోయవచ్చినవాడు సాక్షాత్తు స్వామి. కూలి యడుగక వచ్చెను. దెబ్బ తిని వెళ్ళెను. ఆళ్వారులు చేసినది ప్రేమాతిశయముచేత. మనకు ఆ సాకును లేదు. సర్వజీవులును భగవంతునకు శరీరమని మన సిద్ధాంతము. అట్లయినచో మన నిచ్చెన యెక్కువానిలో నున్నదెవరు? మనము గడ్డపార విసరకపోవచ్చును. బేరపుమాట విసరినను తగులునది ఆ గడ్డమునకే.

కావున గృహస్థులు ఈ కొన్ని విషయములను గుర్తుంచుకొనుట మేలు. చూరునకు ఎన్ని దీపములు కట్టించినను, తులసికడ ఒక్క ప్రమిదనైనను స్వహస్తముతో వెలిగింపవలెను. తడిసిన కప్పుపైకి మనిషి నెక్కింపరాదు. తీగలు ముట్టకముందే మెయిన్ స్విచ్చి తీసివేయవలెను. అతడు పైనున్నంతసేపు క్రింద నిచ్చెనను మనమే పట్టుకొనవలెను, అదియు దీపకైంకర్యమే. అడిగిన న్యాయమైన కూలిని పొద్దు గ్రుంకకముందే యీయవలెను. దీపములు వెలుగువేళ అతనిని పిలిచి, హారతి నందుకొనజేసి, మనతోబాటు ప్రసాదము పెట్టవలెను. అతని యింటికిని దీపమునకు చాలినంత నూనె పంపవలెను.

మరుసటి సంతనాడు నేను ఆ ఐదు రూపాయలును, ఒక సీసా నువ్వులనూనెయు తీసికొని అతనికొరకు వెదకితిని. అతడు కనబడలేదు. అతని గూడెము పేరైనను నేను అడిగియుండలేదు. కొలదికాలమునకే నాకు బదిలీయయ్యెను. నాటినుండి ప్రతి కార్తీకమున మా యిల్లు వెలిగించు మనిషికి అడిగినదానిపై కొంత చేర్చి యిచ్చుచున్నాను. అయినను ఆ ఋణము తీరలేదు. ఆ చేయి వేరు. దామోదరుడు ఆనాడు ఏ కొండదారిన వెడలిపోయెనో ఆయనకే యెరుక.