జానెడు కొంగు

జగిత్యాలకూ కోరుట్లకూ నడుమ ఒక ఊళ్లో బీడీలు చేసి బతుకు వెళ్లదీసిన అవ్వ ఒకామె ఉండేది. ముగ్గురు బిడ్డలు. పెద్దదాన్ని జగిత్యాలలో మామిడికాయల వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చింది. నడిపిదాన్ని కోరుట్లకు ఇచ్చింది. అల్లుడు సౌదీలో ఉంటాడు, బిడ్డ తల్లిలాగే చాట ముందేసుకుని బీడీలు చేస్తుంది. చిన్నది సిరిసిల్లలో ఉంటుంది. వాళ్లింట్లో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు. మగడు సాంచాలు నడిపితే ఆమె కండెలు చుడుతుంది.

అవ్వ పోయింది. దినాలు అయిన తెల్లారి అక్కచెల్లెండ్లు ముగ్గురూ సందుగ మూత తీశారు. పైన ఎండిన వేపాకు. దాని కింద అవ్వ లగ్గం నాటి పట్టుచీర, సర్కారు ఇచ్చిన బతుకమ్మ చీరలు మడత విప్పనివి నాలుగు, బాపు ధోవతులు, చివికిన నేతచీరలు ఒక కుప్ప. అట్టడుగున చిన్నపిల్ల గౌను ఒకటి. దాని అంచుకు లేసు ఇంకా తెల్లగానే ఉంది.

"పెద్దదాన్ని. పట్టుచీర నాకు రావాలె" అన్నది జగిత్యాల అక్క. ఎవరూ కాదనలేదు.

"కొత్త చీరలు నడిపక్క తీసుకోనీ. నాకు గీ పాతయి చాలు" అన్నది చిన్నది.

"పాతయి ఏం జేసుకుంటవే? గిన్నెలు తుడువనీకా?"

"పట్టుచీర అవ్వ ఎన్నిమాట్ల కట్టిందక్కా? లగ్గం నాడు, పెద్దక్క తొట్టెల నాడు. గీ నేతచీరలు కట్టుకునే కదా మనల్ని సాకింది. కొంగుకు తంబాకు వాసన ఇంక పోలే, సూడు."

నడిపిది ఏమీ అడగలేదు. బతుకమ్మ చీరలు ఆమెకే వచ్చాయి. అవి వాడకట్టులో నలుగురికి పంచింది. అవ్వ బీడీ ఆకు కోసే కత్తెర ఒకటి చాటలో వేసుకుంది. పోయేటప్పుడు చిన్నదాన్ని పక్కకు పిలిచి "నీలం చీర కొంగుల ఒక జానెడు నాకియ్యే. గా గౌను కూడ ఇయ్యి. అది నాదే కదా, చిన్నప్పటిది" అన్నది.

సిరిసిల్లకు చేరినాక చిన్నది బొంత మొదలుపెట్టింది. చివికిన చీరలు చించి, బాపు ధోవతి అడుగున పరిచి, నడుమ పొరల్లో చినుగులన్నీ సర్ది, పైన గట్టిగా ఉన్న ముక్కలు అమర్చింది. చీర ఎంత అరిగినా అంచు అరగదు. అంచులన్నీ ఊడదీసి నాలుగు పక్కలా కట్టు వేసింది. కండెల మీద మిగిలిపోయిన నూలు పోగులు నాలుగైదు కలిపి పేని దారం చేసుకుంది. పగలంతా సాంచాల చప్పుడు, కరెంటు పోతే చేతికి తీరిక. ఆ తీరికలోనే వాడకట్టు ఆడోళ్లు వచ్చి తలా ఒక మూల పట్టుకునేవాళ్లు. దబ్బనం దిగినప్పుడల్లా ఒక ముచ్చట. ఈ ఎర్ర ముక్క అవ్వ వేములవాడకు నడిచిపోయిననాటిది. ఈ పచ్చది కరువు కాలంలో పాత బట్టల అంగట్లో కొన్నది. ఈ మాసిక బాపు జ్వరంతో పడుకున్నప్పుడు అవ్వ రాత్రికి రాత్రి కుట్టింది. బొంత పూర్తయ్యేసరికి ఆ వాడలో అవ్వ కథ తెలియని ఆడమనిషి లేదు. ఆ సాయంత్రాలన్నీ కొడుకు ట్యూషన్‌లో ఉన్నాడు.

కొడుకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు బొంత మడిచి బ్యాగులో పెట్టింది. చలికాలం సెలవులకు వాడు ఉత్త చేతులతో దిగాడు.

"బొంత ఏదిరా?"

"రూం మారినప్పుడు ఆడనే ఇడిసిపెట్టిన అమ్మా. దోస్తులు బండ్లు తుడువనీకి తీసుకున్నరు. పాతదే కదా."

ఆమె వాణ్ని తిట్టలేదు. వాడకట్టంతా చెప్పుకున్న ముచ్చట ఇంట్లో ఒక్కడికి చెప్పలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

కోరుట్లలో సంగతి వేరు. నడిపిది నీలం కొంగును రెండు మడతలు వేసి తిత్తి కుట్టింది. అవ్వ వక్కాకు పెట్టి బొడ్లో దోపుకునేదే, ఆ కొలతే. మూతి చుట్టూ గౌను లేసు తిప్పి, నాడా ఎక్కించింది. సెలవు మీద వచ్చిన పెనిమిటి సౌదీకి తిరిగిపోతుంటే చేతిలో పెట్టింది. అతను అటూ ఇటూ తిప్పి "గిదేంది? ఆడోళ్ల సామాను" అని నవ్వాడు. ఫోనులో ఎన్ని రాత్రులు చెప్పిందో ఏమో, కొంగు ఎవరిదో, లేసు ఎవరిదో, కుట్టేటప్పుడు ఏ కత్తెర వాడిందో అన్నీ చెప్పింది. అకామా కార్డు, ఇంటి తాళంచెవి అందులో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. క్యాంపులో మెట్‌పల్లి పిలగాడొకడు "మీ అత్త తిత్తి ఒకసారి చూపియ్యే" అని అడిగేదాకా వచ్చింది. ఇంట్లో చిన్నబిడ్డకు కూడా అది కంఠతా వచ్చు. నీలంది అమ్మమ్మది, తెల్లది అమ్మది.

కొన్నాళ్లకు జగిత్యాల అక్క మనవరాలి లగ్గం పెట్టుకున్నారు. పిల్లకు ముత్తవ్వ పట్టుచీర కట్టాలని ఇనుప బీరువా తెరిచారు. నాఫ్తలిన్ గోలీలు, ప్లాస్టిక్ కవరు, తెల్ల కాగితం అన్నీ సక్రమంగా ఉన్నాయి. చీర విప్పితే మడత పడ్డ చోటల్లా నిలువునా పర్రుమంది. పెద్దక్క పీట మీద కూలబడింది. "ఒక్కనాడు గూడ కట్టలే, ముట్టలే. భద్రంగ పెట్టిన" అనుకుంటూ ఉంది. పెళ్లిపిల్ల అడిగింది: "ముత్తవ్వ ఎట్లుంటుండె అమ్మమ్మా?" ఏం చెప్పాలో పెద్దక్కకు నోరు రాలేదు. చీర గురించే ఇన్నేళ్లు చెప్పుకుంది, మనిషి గురించి చెప్పి ఎన్నాళ్లయిందో.

అప్పుడు కోరుట్ల పిల్ల తండ్రి నడుము దగ్గరి తిత్తి లాక్కొచ్చి పెళ్లిపిల్ల ఒడిలో పెట్టి మొదలుపెట్టింది: నీలంది అమ్మమ్మది...

లగ్గం అయినాక చీరలో బాగున్న భాగాలు కోసుకోవడానికి ముగ్గురూ మళ్లీ కూర్చున్నారు. చిన్నది కొడుకును పిలిచి "నాకు కండ్లు ఆనుతలెవ్వు. సూదిల దారం ఎక్కియ్యిరా. ఈడనే కూసో, లేవకు" అన్నది. వాడు కూర్చున్నాడు.

నీతి

దాచింది చివికింది, వాడుకున్నది నిలిచింది అని చెప్పి ఈ కథను ముగించవచ్చు. పిల్లల పుస్తకంలో అయితే అంతే రాస్తారు. కానీ చిన్నదాని బొంత అందుకు ఒప్పుకోదు. అది దాచుకున్నది కాదు, చేతులారా కుట్టింది, వాడుకకు ఇచ్చింది, అయినా బండ్లు తుడిచే గుడ్డ అయింది. కాబట్టి నీతి ఇట్లా చెప్పుకోవాలి: పాతబట్టను గుర్తుగా మార్చేది ఎవరిదో చెప్పే మాట. కుట్టు ఆ మాటకు తీరిక ఇస్తుంది, అంతవరకే. ఆ తీరికలో పక్కన ఎవరు కూర్చున్నారన్నదే అసలు సంగతి. వారసుడు లేనప్పుడు ముచ్చట ఎంత బాగా చెప్పినా అది పొరుగింటి పాలు.

ఇది మన దగ్గరి ముచ్చటే అనుకోనక్కర లేదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చోట నల్లజాతి రైతుకూలీ ఆడవాళ్లు తరాలుగా పాతబట్టల బొంతలు కుట్టారు. వాళ్లు పత్తిచేన్లలో పని చేసినవాళ్లు. మిస్సూరి పెట్‌వే అనే ఆమె చనిపోయిన పెనిమిటి పనిబట్టలతో, వెలిసిన ప్యాంట్లూ అంగీలతో, 1942లో ఒక బొంత కుట్టింది. 2002లో హ్యూస్టన్‌లోని మ్యూజియంలో ఆ ఊరి బొంతలను గోడలకు తగిలించి చూపారు, 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులు వేసింది. మిస్సూరి ఆ బొంతను ఎందుకు కుట్టిందో లోకానికి తెలిసింది మాత్రం కూతురు అర్లోంజియా చెప్పబట్టే. పక్కన కూర్చుని తల్లికి సాయం చేసింది ఆ పిల్లే. ఆమె చెప్పకపోతే అది అందమైన గళ్ల బొంతగా మిగిలేది, మొగుడి బట్టలని ఎవరికీ తెలిసేది కాదు.

సిరిసిల్లలోనూ పేరు మిగిలిన నేత ఉంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు పేరు ఆ ఊళ్లో పిల్లవాణ్ని అడిగినా చెప్తాడు. అంత సన్నని చీరను నేతగానితో సహా గుర్తు పెట్టుకున్నాం. దుప్పటంత మందం బొంత కుట్టిన అవ్వల్లో ఒక్కరి పేరూ ఏ బొంత మీదా లేదు. ఇంటిపని కిందికి వచ్చేదానికి పేరు రాయాలని ఎవరికీ తోచదు. లేసు సంగతీ అంతే. నరసాపురం చుట్టుపక్కల ఇండ్లల్లో లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ 1982లో పుస్తకం రాసింది. దేశాలకు ఎగుమతయ్యే సరుకు చేస్తున్నా, ఇంట్లో కూర్చుని ఖాళీగా చేసుకునే పని అనే అందరూ అనుకునేవారని ఆమె తేల్చింది. అవ్వ దాచిన గౌను మీది లేసు మిషన్ లేసే కావచ్చు, అంగట్లో మూరల లెక్కన కొన్నదే కావచ్చు. దాన్ని గౌనుకు కుట్టిన రాత్రి మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

పెద్దక్క మీద ఈ కథ కొంచెం కఠినంగా ఉంది. ఆమెకు ప్రేమ తక్కువై చీర చినగలేదు. పట్టు ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే ఆ గీత వెంట పోగు నలిగిపోతుంది, పక్కనే ఉన్న జరీ లోహపు పోగు కనుక దాన్ని ఇంకా కోస్తుంది. ప్లాస్టిక్ కవరులో చెమ్మ చిక్కుకుంటుంది. ఏడాదికి రెండు మూడు సార్లు విప్పి, నీడలో గాలి తగలనిచ్చి, మడత చోటు మార్చి పెడితే చాలా కాలం ఆగుతుంది. అట్లా విప్పినప్పుడల్లా ఇంట్లో పిల్లలు "ఇది ఎవరిది?" అని అడుగుతారు. బీరువా తాళం వల్ల ఆమె పోగొట్టుకున్నది ఆ ప్రశ్ననే.

ఇప్పటి ఇండ్లల్లో ఇంకో చిక్కు ఉంది. సందుగలో నేతచీరలు తక్కువ. 2017 నుంచి బతుకమ్మ పండుగకు పంచిన చీరలు సిరిసిల్ల సాంచాల మీద నేసిన పాలిస్టర్‌వి. ఆ ఆర్డర్లతో అక్కడి సాంచాలకు పని దొరికింది, ఆ మేలు కాదనలేనిది. బొంతకు మాత్రం పాలిస్టర్ లొంగదు. ముక్క జారుతుంది, కుట్టు దగ్గర పోగు లేస్తుంది, చెమట పీల్చదు. నూలు ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది, అందుకే పసిపిల్లలకు కొత్తబట్ట ముట్టనీయకుండా పాత నేతచీర పరుస్తారు. పాలిస్టర్ చీర అవ్వ గుర్తుగా ఉంచాలనుకుంటే బొంత వద్దు, అంచు కోసి తిత్తికో, దండెం మీద వేసే సంచికో కుట్టుకోవడం నయం. చిన్న వస్తువుకు చెమట పీల్చే పని ఉండదు.

ఏది కుట్టినా వెనుక పక్క ఒక తెల్ల నూలు పట్టీ వేసి, దాని మీద ఎవరి చీరో, ఏ ఊరో, కుట్టిందెవరో దారంతో రాయాలి. పెన్ను సిరా నాలుగు ఉతుకులకు పోతుంది. అక్షరాలు రాని అవ్వలు ముక్క ముక్కకూ వేలు పెట్టి చెప్తుంటే ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు. ఇది ట్యూషన్ లేని రోజు, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చేయవలసిన పని.