మాత్ర ఏ లెక్కలోకి వస్తుంది?

ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కూడాలంటుంది గీత పద్దెనిమిదో అధ్యాయం: శరీరం, కర్త, ఇంద్రియాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. చిత్తూరులో సంస్కృతం చెప్పుకుని బతికినవాణ్ణి, ఈ ఐదింటినీ పిల్లలచేత వల్లె వేయించాను. పార్కిన్సన్స్ వచ్చాక ఆ లెక్క నా ఒంటి మీదికే వచ్చింది.

పొద్దున్నే లేవాలనుకుంటాను. కాళ్లున్నాయి, అనుకునే నేనున్నాను, లేవడం మాత్రం లేదు. సిండోపా మాత్ర మింగి కాసేపు ఆగితే లేస్తాను. అందులోని లెవోడోపా మెదడుకు చేరి డోపమైన్ అవుతుంది. దారిలోనే ఖర్చయిపోకుండా కార్బిడోపా కాస్తుంది. పప్పుతో కలిపి తింటే మాంసకృత్తులు అడ్డుపడతాయని, మాత్ర వేసుకున్న అరగంటకు గానీ మా ఆవిడ సంగటి పెట్టదు.

"అంతా స్వామి దయ" అంటుంది ఆమె.

"ఆ దయ మధ్యాహ్నానికే ఎందుకు దిగిపోతుందే?"

"మళ్లీ వేసుకోమని!"

తర్కంలో ఆమెను గెలవలేను.

మందు బాగా ఎక్కిన వేళ మెడ, భుజం వాటంతటవే మెలికలు తిరుగుతాయి. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో చాలామందికి ఇది మామూలే. మందు దిగితే కోరిక ఉండి కదలిక లేదు. ఎక్కితే కదలిక ఉండి కోరిక లేదు. ఇంతవరకూ మాత్రను చేష్టల కింద రాసుకోవచ్చు. కానీ ఈ జబ్బుకే ఇచ్చే ప్రమిపెక్సోల్ వంటి మందులతో కొందరికి జూదం పిచ్చి పడుతుంది, మోతాదు తగ్గిస్తే చాలామందికి వదులుతుంది. అప్పుడు మందు ముట్టుకున్నది చెయ్యినా, కర్తనా? ఆ అప్పుల పాపం ఎవరి ఖాతాలో వేయాలి? నా మటుకు ఆ మనిషి ఖాతాలో వేయను. కర్మ సిద్ధాంతం ఒప్పుకోకపోతే దానిష్టం.

దైవానికీ ఇందులో వాటా ఉంది. మా చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1937లో, దామోదరన్, రామస్వామి అనేవాళ్లు మద్రాసులోనే దూలగొండి గింజల నుంచి లెవోడోపాను వేరుచేశారు. అది నాకున్న ఈ వణుకుడు రోగానికి మందవుతుందని తేలింది 1960లలో. అన్నేళ్లూ ఆ తీగ చేల గట్ల మీద జనానికి దురద పెడుతూనే ఉంది.

ఇది చెబితే మా ఆవిడ, "అయితే ఆ గింజలే దంచి పెడతా, మాత్రల ఖర్చన్నా తగ్గుతుంది" అంది. గింజ గింజకూ మందు పాళ్లు మారతాయి, జోలికి పోవద్దన్నారు డాక్టరు.